కొరతలో సమన్యాయం

అంటువ్యాధి ప్రబలినప్పుడు ప్రజలను వ్యాధితో పాటు భయం కూడా పీడిస్తుంది. భయానికి లోనైన జనం అవసరానికి మించి కొంటారు. వర్తకులు సరుకు దాచివేస్తారు. ధరలు పెరుగుతాయి. చివరకు వైద్యునికి, రోగికి, పేదవానికి ఆ వస్తువు దొరకకుండా పోతుంది. ఉన్న కొద్దిపాటి సరుకును అందరికీ ఎట్లా పంచాలి అన్నది అప్పుడు పాలకులకు కఠినమైన పరీక్ష. 2020లో తైవాన్ ఈ పరీక్షను ఎదుర్కొన్న తీరు గమనింపదగినది.

తైవాన్ చైనా తీరానికి సమీపంలో ఉన్న ద్వీపం. జనాభా 2 కోట్ల 30 లక్షలకు పైగా. తైపీ, కావోష్యుంగ్ వంటి నగరాలలో జనసాంద్రత చాలా ఎక్కువ. 2003లో సార్స్ వ్యాధి మిగిల్చిన చేదు అనుభవాన్ని అక్కడి ప్రజలు మరచిపోలేదు. అందువల్ల 2020 జనవరి 21న తొలి కొవిడ్ కేసు బయటపడగానే మాస్కుల కోసం దుకాణాలకు పరుగెత్తారు. ఆనాడు అక్కడ రోజుకు తయారయ్యే మాస్కులు సుమారు 19 లక్షలు మాత్రమే.

ప్రభుత్వం మొదట ఎగుమతిని నిషేధించింది. తరువాత కర్మాగారాలలో తయారైన మాస్కులను తానే సేకరించి, ఒక్కొక్కరికి ఇన్ని అని పరిమితి విధించి దుకాణాలలో అమ్మించింది. కాని కొన్నవారి పేరు నమోదు కానందువల్ల ఒకే వ్యక్తి నాలుగు దుకాణాలు తిరిగి కొనుక్కొనే వీలుండేది. వరుసలో నిలువలేని వృద్ధులు, పనికి వెళ్ళేవారు వట్టి చేతులతో మిగిలారు.

ఈ లోపాన్ని సవరించడానికి ఫిబ్రవరి 6న పేరు నమోదు పద్ధతి ప్రారంభమైంది. అక్కడ దాదాపు అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఉంది. అది చూపినవారికి వారానికి 2 మాస్కులు, ఒక్కొక్కటి 5 తైవాన్ డాలర్ల చొప్పున, 6 వేలకు పైగా మందుల దుకాణాలలో విక్రయించారు. గుర్తింపు సంఖ్య చివరి అంకె బేసి అయినవారు సోమ, బుధ, శుక్రవారాలలోను, సరి అయినవారు మంగళ, గురు, శనివారాలలోను కొనవలసి ఉండేది. ఆదివారం అందరూ కొనే వీలుండేది. కొనుగోలు కార్డు ద్వారా నమోదయ్యేది గనుక అదే వారంలో మరొక దుకాణంలో కొనడం సాధ్యమయ్యేది కాదు. ఇల్లు కదలలేని వృద్ధుని కార్డుతో మరొకరు కొని తీసికొని వెళ్ళే వీలుండేది. మన రేషను కార్డును తలపించే ఏర్పాటు ఇది. అయితే ఇందులో పేద, ధనిక భేదం లేదు.

ఏ దుకాణంలో ఎంత నిల్వ ఉన్నదో ప్రభుత్వం బహిరంగపరచింది. ఆ వివరాలతో సాంకేతిక నిపుణులు స్వచ్ఛందంగా పటాలు రూపొందించారు. మంత్రి ఆడ్రీ టాంగ్ ఈ కృషిని ప్రోత్సహించారు. ప్రజలు సెల్‌ఫోనులో చూసుకొని సరుకు ఉన్న చోటికే వెళ్ళగలిగారు.

ఇబ్బందులు లేకపోలేదు. పెద్ద కట్టలుగా వచ్చిన మాస్కులను చిన్న పొట్లాలుగా విడదీయడం దుకాణదారులకు భారమైంది. రద్దీ తట్టుకోలేక కొందరు ముందుగా సంఖ్యల చీటీలు ఇచ్చారు. చీటీలు అయిపోయినా పటంలో నిల్వ ఉన్నట్లే కనిపించేది. పనివేళల వల్ల రాలేనివారి కోసం మార్చి 12 నుండి ఇంటర్నెట్ ద్వారా ముందుగా నమోదు చేసుకొనే సదుపాయం కల్పించారు.

పంపిణీతో పాటు ఉత్పత్తి కూడా పెరిగింది. ప్రభుత్వం కొత్త యంత్రాలు కొన్నది. కర్మాగారాలలో సైనికులు సాయపడ్డారు. మార్చిలో రోజువారీ ఉత్పత్తి కోటికి చేరింది. పెద్దల వాటా మార్చి 5న వారానికి 3కు, ఏప్రిల్ 9న రెండు వారాలకు 9కి పెరిగింది. రేషనులో రంగు ఎంచుకొనే వీలుండేది కాదు. గులాబీరంగు మాస్కు పెట్టుకొని బడికి వెళ్ళడానికి ఒక బాలుడు సంకోచిస్తున్నాడని తెలిసి, ఏప్రిల్ 13న ఆరోగ్యమంత్రి, ఇతర అధికారులు గులాబీరంగు మాస్కులు ధరించి విలేకరుల ముందుకు వచ్చారు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడని సామెత. సరుకు ఉన్నా పంచే చేయి సరిగా లేకపోతే అది ప్రజలకు చేరదు. అందరికీ ఒకే నియమం, దాపరికం లేని లెక్కలు, లోపాలను వెంటనే దిద్దుకొనే గుణం – ఈ మూడూ ఉన్నప్పుడు తన వంతు తనకు తప్పక అందుతుందన్న నమ్మకం పౌరునికి కలుగుతుంది. ఆ నమ్మకమే భయాన్ని తగ్గిస్తుంది.