కోకో పానీయం: ధర పేరుకా, గింజకా?

మెదక్ బజారులో ధాన్యం ధారణ అందరికీ నోటిలెక్కే. కోకో సంగతి అట్లా కాదు. ‘సెరిమోనియల్ కకావో’ పేరిట పానీయపు సరుకు ఇప్పుడు అధిక ధరకు అమ్ముడవుతున్నది. గింజలోని కొవ్వు తీయకుండా నూరిన ముద్ద ఇది. మామూలు కోకో పొడిలో కొవ్వు చాలావరకు పిండివేసి ఉంటుంది.

మధ్య అమెరికాలో మాయా ప్రజలు ఈ పానీయం తాగేవారు. అజ్‌టెక్‌లకు గింజలే నాణేలు. ఆ ప్రాచీనతనే అమ్మకందార్లు చెప్పుకొంటున్నారు. అయితే ‘సెరిమోనియల్’ అనేది చట్టం గుర్తించిన గ్రేడు కాదు. పాతకాలపు క్రియోల్లో రకమన్న మాటనూ విచారించవలసిందే. గోదావరి జిల్లాల కొబ్బరి తోటలలో అంతరపంటగా పండేది ఎక్కువగా ఫోరాస్టెరో రకం.

న్యూయార్క్ వాయిదా ధర 2024 డిసెంబరులో టన్నుకు 12,000 డాలర్లు దాటి, 2025 చివరికి సుమారు సగానికి దిగింది. 2025లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుకు కిలోకు 50 రూపాయల సహాయం ప్రకటించింది. తేజీలో కొన్న సరుకు మందీలో మిగిలితే వర్తకునికి నష్టమే.

మెదక్ వర్తకులు సరుకు తెప్పించదలిస్తే ముందుగా నమూనా గింజలు కోసి చూడడం మేలు. బాగా పులిసిన గింజ లోపల గోధుమరంగులో ఉంటుంది. పులియనిది పలకరంగులో ఉంటుంది. తేమ 8 శాతం మించితే బూజు భయం. రైతుకు న్యాయమైన ధర ఇచ్చామనేవారిని తోట ఊరు, చెల్లించిన ధర చిట్టాలో చూపమనాలి. చూపగలిగిన సరుకుకే అదనపు ధర తగును.