‘అప్‌డేట్ తర్వాత చేద్దాంలే’ అంటే ఏమవుతుంది?

జగ్గయ్యపేటలోనైనా, నందిగామలోనైనా పిల్లల స్కాలర్‌షిప్పుకో, పాస్‌పోర్టుకో దరఖాస్తు పెట్టాలంటే చాలా కుటుంబాలు నెట్ సెంటర్‌కే వెళ్తాయి. స్కాన్ చేసిన ఆధార్, మార్కుల మెమోలు చాలాసార్లు ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి. మరి ఆ కంప్యూటర్ ఎంత భద్రం? 2017లో జరిగిన సంగతి తెలిస్తే జవాబు దొరుకుతుంది.

ఆ ఏడాది మే 12న ‘వానాక్రై’ అనే వైరస్ ప్రపంచం మీద పడింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కడితేనే తీస్తామని తెర మీద నోటీసు పెట్టేది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. బ్రిటన్ ఆస్పత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకూ ఈ సెగ తగిలింది. చిత్తూరు, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళంతో పాటు కృష్ణా జిల్లాలోనూ కొన్ని కంప్యూటర్లకు ఇది సోకిందని అప్పట్లో వార్తలొచ్చాయి. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఈ రెండు ఊళ్లూ అప్పుడు కృష్ణా జిల్లాలోనివే.

లోపం ఎక్కడుంది?

ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ కెర్నల్. ఇంట్లో బీరువా తాళాలు పెద్దావిడ కొంగున ఉన్నట్టు, కంప్యూటర్‌లో అన్ని అధికారాలూ దాని దగ్గరే ఉంటాయి. ఫైలు తెరవాలన్నా, ప్రింటు తీయాలన్నా ప్రతి ప్రోగ్రాం దాన్నే అడగాలి. మామూలు ప్రోగ్రాంలో లోపముంటే దొంగ వరండాలోకి వచ్చినట్టు. కెర్నల్‌లో లోపముంటే తాళాల గుత్తే వాడి చేతికి చిక్కినట్టు.

ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి ఫైళ్లు పంచుకోవడానికి విండోస్‌లో ఎస్ఎంబీ అనే ఏర్పాటు ఉంది. అందులో కొంత భాగం కెర్నల్‌లోనే పనిచేస్తుంది. వచ్చే సమాచారం ఎంతుందో లెక్కగట్టడంలో అక్కడ ఒక తప్పు దొర్లింది. దాంతో కేటాయించిన చోటు చాలక, పాత్ర నిండి పొర్లినట్టు సమాచారం పక్క మెమరీలోకి పొర్లేది. అలా పొర్లే సమాచారంలోనే దొంగలు తమ ఆదేశాలు కలిపి పంపారు. లింకు నొక్కక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. ఒక కంప్యూటర్‌కు సోకితే అదే నెట్‌వర్క్‌లో పక్కదానికీ పాకేది.

బాధాకరమైన విషయం ఏమిటంటే, ఈ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మందు ఇచ్చింది. అంటే దాడికి దాదాపు రెండు నెలల ముందే! అప్‌డేట్ చేసుకోనివాళ్లే ఎక్కువగా నష్టపోయారు.

ఇప్పుడు ఏం చేయాలి?

విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆగిపోయింది. ఇంట్లోగానీ, షాపులోగానీ ఏది నడుస్తోందో ఒకసారి చూసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లకూ కెర్నల్ ఉంటుంది కాబట్టి, సెక్యూరిటీ అప్‌డేట్ వస్తే వాయిదా వేయకండి. నికా ఫొటోలు, సర్టిఫికెట్లు వేరే డ్రైవ్‌లో దాచి, దాన్ని కంప్యూటర్ నుంచి తీసి పక్కన పెట్టండి. నెట్ సెంటర్‌లో పని అయ్యాక మీ స్కాన్లు డిలీట్ చేయమని అడగండి, మొహమాటపడకండి. దాడి జరిగితే మాత్రం డబ్బు కట్టకండి. కట్టినా ఫైళ్లు తిరిగొస్తాయన్న నమ్మకం లేదు. వెంటనే నెట్ తీగ పీకేసి, 1930కి ఫోన్ చేయండి.