పూత నిండుగా, కాత వెలితిగా: శనగపై వేడి దెబ్బ

శనగ చలిని కోరుకునే పైరు. ఉత్తర భారతంలో సుదీర్ఘమైన శీతకాలంలో పెరిగే ఈ పంట గత కొన్ని దశాబ్దాల్లో దక్షిణాదికి విస్తరించి, తక్కువ కాలంలో చేతికొచ్చే జెజి 11 వంటి రకాల ఊతంతో కర్నూలు, ప్రకాశం, అనంతపురం ప్రాంతాల నల్లరేగడి నేలల్లో రబీ సేద్యానికి ఆధారమైంది. వానలు వెళ్లాక నేలలో మిగిలిన తేమను నమ్ముకుని అక్టోబరు, నవంబరు నెలల్లో విత్తే ఈ పైరు ఎండలు ముదరకముందే కోతకు రావాలి. విత్తడం ఆలస్యమైనా, వేసవి తొందరపడినా పూత, పిందె దశలు వేడికి చిక్కుతాయి. అప్పుడు మొక్క పచ్చగానే నిలిచి పూత పూసినా కాయ పట్టదు. అధిక ఉష్ణోగ్రత మొక్క ప్రాణం తీయడానికి ఎంతో ముందే దాని గింజ కట్టే శక్తిని దెబ్బతీయడమే ఇందుకు కారణం.

శనగలో పరాగ సంపర్కం, అంటే పుప్పొడి కీలాగ్రాన్ని చేరడం, మొగ్గ పూర్తిగా విచ్చుకోకముందే ఆ పువ్వులోనే జరిగిపోతుంది. కీలాగ్రమంటే అండాశయానికి పైన, కీలం కొసన పుప్పొడిని స్వీకరించే భాగం. ఒక పువ్వులోని పుప్పొడి చెడిపోతే మరో పువ్వు నుంచి తేనెటీగ తెచ్చే పుప్పొడితో ఆ లోటు తీరడం చాలా అరుదు కాబట్టి, ఆ పువ్వు కాయగా మారడం దాదాపు దాని సొంత పుప్పొడి మీదే ఆధారపడి ఉంటుంది.

ఆ పుప్పొడే వేడికి అన్నిటికంటే ముందు లొంగిపోతుంది. పుప్పొడి తయారయ్యే సంచులను పరాగకోశాలు అంటారు. వాటి లోపలి అంచున ఉండే టపీటం అనే కణాల పొర, ఎదుగుతున్న పుప్పొడి రేణువులకు చక్కెరలను, ఇతర పోషకాలను అందిస్తుంది. మొగ్గ దశలో వేడి పెరిగితే ఈ పొర అకాలంలో శిథిలమవుతుంది, పరాగకోశానికి చేరే సుక్రోజ్ అనే చక్కెర తగ్గుతుంది, పోషణ కరవైన రేణువులు పిండి పదార్థాన్ని నిల్వ చేసుకోలేక వంధ్యమవుతాయి. పగలు 35, రాత్రి 20 డిగ్రీల సెల్సియస్ వద్ద జరిపిన ప్రయోగాల్లో వేడిని తట్టుకోలేని రకం పుప్పొడి వంధ్యం కాగా, తట్టుకునే రకంలో సజీవంగా ఉంది. పుప్పొడి పనికిరాకుండా పోయిన మొక్కల్లో సైతం కీలాగ్రం ఆరోగ్యకరమైన పుప్పొడిని స్వీకరించగలిగింది. దీన్నిబట్టి శనగలో స్త్రీ భాగం కంటే పురుష భాగమే బలహీనమైనదని తేలింది.

ఈ దశ దాటి పిందె పడినా ముప్పు తొలగదు. వేడిలో పైరు త్వరగా పక్వానికి రావడంతో గింజ నిండే కాలం కుదించుకుపోతుంది, ఆకులో ఆహార తయారీ మందగిస్తుంది, వెచ్చని రాత్రుల్లో శ్వాసక్రియ పెరిగి పగలు కూడబెట్టిన ఆహారం ఖర్చవుతుంది. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే వేరు బుడిపెల పని కూడా కుంటుపడుతుంది. ఫలితంగా కొన్ని కాయలు తాలుగా మిగులుతాయి, మిగిలిన వాటిలో గింజ చిన్నదవుతుంది. 

శనగ మొక్క ఒక్కసారే పూసి ఆగిపోదు. వేడి తగ్గి నేలలో తేమ ఉంటే, కొత్త కొమ్మలపై మళ్లీ పూసి కొంత నష్టాన్ని పూడ్చుకోగలదు. ఉత్తరాదిలో చలి ఎక్కువై రోజు సగటు ఉష్ణోగ్రత 15 డిగ్రీల లోపు ఉన్నప్పుడు తొలి పూత రాలినా, వాతావరణం వెచ్చబడ్డాక వచ్చే పూత కాయగా మారుతుంది. తెలుగు నేలల్లో పరిస్థితి ఇందుకు భిన్నం. ఇక్కడ ఫిబ్రవరి తర్వాత వేడి పెరగడమే కాని తగ్గడం ఉండదు, అదే సమయానికి నేలలో తేమ కూడా అడుగంటుతుంది. నీరు చాలని మొక్క ఆకుల్లోని పత్రరంధ్రాలను మూసుకుంటే ఆవిరి ద్వారా చల్లబడే దారి కూడా మూసుకుపోయి, గాలి కంటే ఆకు వేడెక్కుతుంది.

పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు శనగ రకాలను ఉద్దేశపూర్వకంగా ఆలస్యంగా విత్తి, పూత 35 డిగ్రీలు దాటే రోజుల్లో పడేలా చేసి, ఆ వేడిలోనూ కాయ పట్టినవాటిని ఏరారు. అలా వేడిని తట్టుకుంటుందని గుర్తించిన ఐసిసివి 92944 అనే వంగడం మన దేశంలో జెజి 14గా, మయన్మార్‌లో యెజిన్ 6గా సాగులోకి వచ్చింది. స్వల్పకాలిక రకాలు చేసే మేలు వేరు: అవి వేడి రాకముందే పంట ముగించి తప్పించుకుంటాయి. అయితే కాలాన్ని ఎంత కుదిస్తే దిగుబడికి అంత కోత పడుతుంది కాబట్టి ఈ ఉపాయానికి హద్దుంది. వేసవి ముందుకు జరిగేకొద్దీ ఆ హద్దు దగ్గరపడుతుంది. అందుకే సకాలంలో విత్తడం, తొందరగా కోతకొచ్చే రకాన్ని ఎంచుకోవడం నేటి రైతుకు అవసరమైనా, వేడిలోనూ పుప్పొడి చెడని వంగడాలను రూపొందించడమే దీర్ఘకాలంలో శనగ సాగును నిలబెట్టగలదు.