విమానములలో ఏది భద్రమైనది?

2025 జూన్ 12న అహమ్మదాబాదులో బోయింగ్ 787 విమానము కూలి, అందున్న 242 మందిలో ఒక్కరు తప్ప తక్కినవారందరును మరణించిరి. ఆ దినములలోనే మా తరగతి విద్యార్థి ఒకడు మమ్ము సమీపించి, "సార్, మా నాయన కువైటు నుండి వచ్చేది కూడా అట్లాంటి పెద్ద విమానమే. టిక్కెట్టు మార్చుకోమని మా అమ్మ ఏడుస్తా ఉంది. ఏ రకం విమానం మంచిది సార్?" అని అడిగినాడు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో గల్ఫు దేశములకు పోయి కుటుంబమును పోషించువారు లేని వీథి అరుదు. కావున ఈ ప్రశ్న ఆ ఒక్క విద్యార్థిది మాత్రమే కాదు. నాడు క్లుప్తముగా చెప్పినదానిని ఇచట కొంత వివరింపదలచితిమి.

ఏ రకము విమానము ఎన్నిమార్లు కూలినదని మాత్రమే లెక్కించుట పొరపాటు. ఒక బాటలో దినమునకు నూరు బస్సులు, మరియొక బాటలో ఒకే బస్సు తిరుగుచున్నవనుకొందము. సంవత్సరములో మొదటి బాటలో రెండు ప్రమాదములు, రెండవ బాటలో ఒకటి జరిగినచో రెండవదే మేలనగలమా? భాగించి చూచినచో రెండవ బాట ఏబది రెట్లు అపాయకరమని తేలును. అందుచేతనే నిపుణులు పది లక్షల ప్రయాణములకు ఎన్ని ప్రమాదములని లెక్కింతురు. మైళ్లను గాక ప్రయాణములను లెక్కించుటకు కారణము కలదు. ప్రమాదములలో అధికభాగము విమానము లేచునపుడును, దిగునపుడును జరుగునవే.

ఈ లెక్కలోను ఒక చిక్కు కలదు. 1976లో ప్రయాణికుల సేవకు వచ్చిన కాంకార్డు విమానములలో 2000 జూలై 25 వరకు ప్రమాదవశమున ఒక్క ప్రయాణికుడును మరణింపలేదు. ఆ దినమున పారిస్ చెంత ఒకటి కూలి 113 మంది మరణించిరి. ఆ రకము చేసిన ప్రయాణములు మొత్తము సుమారు 90,000 మాత్రమే. అందుచే భద్రతా పట్టికలో అగ్రస్థానమున ఉన్నది ఒక్క ప్రమాదముతో అట్టడుగునకు చేరినది. ప్రయాణములు కొద్దిగా ఉన్నచోట అగ్రస్థానమును, అట్టడుగు స్థానమును రెండును నమ్మదగినవి కావు. బోయింగ్ 787 మాటయో? అది 2011 నుండి లక్షల కొలది ప్రయాణములు చేసిన పిమ్మట జరిగిన మొదటి ప్రాణాంతక ప్రమాదము అహమ్మదాబాదుది. ఆ దుఃఖము అపారమే గాని, ఆ ఒక్కదానిని బట్టి ఆ రకమునంతటిని దూషింప వీలులేదు.

పిదప కారణమును విచారింపవలెను. 1990 ఫిబ్రవరి 14న బెంగుళూరులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఎ-320 కూలి 92 మంది మరణించిరి. అది అప్పటికి కొత్త రకము. కంప్యూటర్లతో నడుచు విమానమని పలువురు శంకించిరి. ప్రభుత్వము ఆ రకము విమానములను నిలిపివేసినది. విచారణలో పైలట్ల పొరపాటే ముఖ్యకారణముగా తేలినది. నేడు మన దేశమున అధికసంఖ్యాకులు ప్రయాణించునది ఆ కుటుంబపు విమానములలోనే.

దీనికి భిన్నమైన ఉదాహరణము బోయింగ్ 737 మ్యాక్స్. 2018 అక్టోబరులో ఒకటి, 2019 మార్చిలో ఒకటి కూలి 346 మంది మరణించిరి. ఒకే కొలత పరికరమును నమ్ముకొన్న స్వయంచాలక వ్యవస్థ విమానపు ముక్కును బలవంతముగా క్రిందికి వంచినది. ఈ దోషము విమాన నిర్మాణములోనిది. ప్రపంచమంతట ఆ రకమును నిలిపివేయుట న్యాయమే.

గల్ఫు ప్రయాణికులకు మరువరాని ప్రమాదములు రెండు. 2010 మే 22న మంగుళూరులో 158 మంది, 2020 ఆగస్టు 7న కోళికోడులో 21 మంది మరణించిరి. రెండును దుబాయి నుండి వచ్చిన బోయింగ్ 737-800 విమానములు. రెండును కొండమీది రన్‌వేను దాటిపోయి పడినవి. అయినను ఆ రకమునకు ప్రపంచమున మంచి పేరే కలదు. మంగుళూరులో దిగవద్దని, తిరిగి పైకి లేపుమని సహపైలట్ హెచ్చరించినను ప్రధాన పైలట్ వినలేదని విచారణలో తేలినది.

మన పులివెందుల శాసనసభ్యులును, ముఖ్యమంత్రియునగు వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుండి బెల్ 430 హెలికాప్టరులో బయలుదేరి, నల్లమలలో మరి నలుగురితోపాటు మరణించిరి. గేర్‌బాక్సు నూనె ఒత్తిడికి సంబంధించిన లోపముపై పైలట్లు దృష్టి నిలిపియుండగా యంత్రము తుపాను మేఘములోని బలమైన క్రిందిగాలిలో చిక్కినదని విచారణ సంఘము తెలిపినది. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకరు బాలయోగిగారు కైకలూరు చెంత మరణించినదియు హెలికాప్టరు ప్రమాదముననే. హెలికాప్టరు తక్కువ ఎత్తున, కొండల నడుమ, రన్‌వే లేని తావులకు పోవలసిన వాహనము. దానిని పెద్ద విమానముతో పోల్చుట ఎద్దులబండిని రైలుతో పోల్చుట వంటిది. ఒకే పని చేయువానినే పరస్పరము పోల్చవలెను.

2015లో ప్రయాణికుల రాకపోకలు మొదలైన మన కడప విమానాశ్రయమున దిగిన ఏటీఆర్ 72 రకమును, దాని పంకాలను చూచి కొందరు భయపడుదురు. 2023 జనవరి 15న పోఖరాలో ఆ రకము విమానము కూలి 72 మంది మరణించిన మాట నిజమే. అయితే అచట పైలట్ ఒక మీటకు బదులు మరియొక మీటను లాగుటయే కారణమని తేలినది.

కావున ప్రమాదపు వార్త వినినపుడు నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఆ రకము ఎన్ని ప్రయాణములు చేసినది? దోషము యంత్రముదా, మనిషిదా? ఏ పనికి, ఏ విమానాశ్రయమునకు వాడిరి? దేనితో పోల్చుచున్నాము?

ఆ విద్యార్థితో మేము ఇట్లంటిమి: "టిక్కెట్టు మార్చనక్కరలేదు నాయనా. కానీ రాత్రి విమానము దిగి, నిద్రలేని డ్రైవరు కారులో వందల కిలోమీటర్లు వచ్చు ప్రయాణముండునే, అమ్మను దానికి భయపడమని చెప్పు." వారు టిక్కెట్టు మార్చలేదు. తండ్రి మాత్రము ఆ రాత్రి హైదరాబాదులో నిద్రించి, తెల్లవారిన పిమ్మట బయలుదేరి క్షేమముగా ఇల్లు చేరినాడు.