పాత ప్లేట్లు కొనేముందు ఫోన్ టార్చ్ వేసి చూడండి: గ్రామఫోన్ రికార్డుల వేటలో తీపీ చేదూ

ద్వారకా తిరుమల నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్య కుర్రాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. “అన్నా, పాటలన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా, గీతలు పడి గరగరమనే ఆ పాత ప్లేట్లు డబ్బులిచ్చి ఎందుకు కొంటావ్?” అని. మంచి ప్రశ్నే. ఈ ఎపిసోడ్‌లో దానికి సమాధానం చెప్తాను. దాంతోపాటు, కొనాలనుకునేవాళ్ళు ఏం చూసుకోవాలి, ఎక్కడ మోసపోతారు, ఇంట్లో ఉన్నవాళ్ళు ఏం చెయ్యకూడదు అనేవి కూడా. చివరిదే అన్నిటికన్నా ముఖ్యం, కాబట్టి మధ్యలో వెళ్ళిపోకండి.

ముందు మన ఏరియా సంగతి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల బజారు ఉంది, గురువారం జుమ్మేరాత్ బజార్ ఉంది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు చుట్టుపక్కల మనకి అలాంటి పెద్ద బజారు లేదండీ. మన దగ్గర ప్లేట్లు బయటపడేది పాత సామాన్ల కొట్లలో, పాత ఇళ్ళు పడగొట్టేటప్పుడు అటకల మీద, మైకు సెట్లు అద్దెకిచ్చిన వాళ్ళ షెడ్లలో.

ఈ మైకు సెట్టు అనే మాట గుర్తుపెట్టుకోండి, మన రికార్డుల కథంతా అందులోనే ఉంది. అప్పట్లో ప్లేయర్ ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. మిగతా ఊరంతా పాట విన్నది మైకులోనే. పెళ్ళి, శ్రీరామనవమి పందిరి, తీర్థం, ఏదైనా సరే చెట్టుకి మైకు కట్టాల్సిందే, రికార్డు వెయ్యాల్సిందే. మా చిన్న తిరుపతిలో గుళ్ళో మూలవిరాట్టులు ఇద్దరు కాబట్టి స్వామివారి కల్యాణోత్సవాలు ఏడాదికి రెండుసార్లు, వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి. ఇలాంటి ఊళ్ళలో మైకు వాళ్ళకి పని ఎక్కువ, వాళ్ళ దగ్గర ప్లేట్లూ ఎక్కువే. టూరింగ్ టాకీసుల్లో అయితే ఆట మొదలయ్యే ముందు ఘంటసాల గారి “నమో వెంకటేశా” వేసేవాళ్ళు. ఆ పాట వినపడిందంటే టికెట్ తీసుకున్నవాళ్ళు నడక మానేసి పరుగు అందుకునేవాళ్ళని మా ఊరి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు.

ఇప్పుడు అసలు ప్లేట్లలో ఎన్ని రకాలో చూద్దాం. ఇది తెలియకపోతే మీ డబ్బులు పోయినట్టే.

మొదటిది 78. నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది. సాధారణంగా 10 అంగుళాలు, ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు, అంటే వైపుకి ఒక్క పాట. ఇది వినైల్ కాదండీ, లక్కతో చేసింది. లక్క పురుగుల నుంచి వచ్చే జిగురులో రాతిపొడి, నల్లరంగు కలిపి అచ్చు వేసేవాళ్ళు. బరువుగా ఉంటుంది, చెయ్యి జారితే పెంకులా పగులుతుంది. రెండోది 45, 7 అంగుళాల చిన్న ప్లేటు. ఈపీ అంటారు, మన సినిమా ఈపీల్లో ఎక్కువగా మూడు నాలుగు పాటలుంటాయి. మూడోది ఎల్పీ, 12 అంగుళాలు, నిమిషానికి 33 చుట్లకి కొంచెం ఎక్కువ, వైపుకి ఇరవై నిమిషాల పైనే. అమెరికాలో కొలంబియా కంపెనీ ఎల్పీని 1948లో తెచ్చింది. ఈ చివరి రెండూ మామూలుగా వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి.

బయటి దేశాల్లో 1960 వచ్చేసరికి 78లు దాదాపు ఆగిపోయాయి. మన దగ్గర మాత్రం కరెంటు లేని ఊళ్ళలో కీ ఇచ్చే గ్రామఫోన్లు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు అచ్చయ్యాయి. అందుకే ఒక తమాషా జరిగింది. బీటిల్స్ పాటలు 1960ల్లో మన కలకత్తా పక్కన డమ్‌డమ్ ఫ్యాక్టరీలో 78 ప్లేట్లుగా అచ్చయ్యాయి. ఇంగ్లండ్‌లో అవి ఆ రూపంలో రాలేదు. ఇప్పుడు విదేశాల్లో సేకరించేవాళ్ళు వాటి కోసం వెతుక్కుంటున్నారు. 1957లో వచ్చిన మాయాబజార్ పాటలు కావాలంటే అప్పటి ప్లేట్లు 78లే. 1980లో వచ్చిన శంకరాభరణం అయితే ఎల్పీ. సినిమా ఏ సంవత్సరమో తెలిస్తే ఎలాంటి ప్లేటు వెతకాలో తెలిసిపోతుంది.

సరే, కొట్లో నిలబడ్డాం. గోనెసంచిలోంచి ప్లేట్లు బయటికి తీశారు. ఏం చూడాలి?

ఒకటి, ఫోన్ టార్చ్ వెయ్యండి. నిటారుగా కాదు, పక్క నుంచి ఏటవాలుగా. ట్యూబ్‌లైట్ కింద మెరిసే ప్లేటు కూడా ఏటవాలు వెలుగులో గీతలన్నీ బయటపెట్టేస్తుంది. గీత మీద గోరు మెల్లగా ఆనించండి. గోరుకి తగలకపోతే అది పైపై గీత, వినపడినా కొద్దిగానే. గోరుకి తగిలిందంటే టక్, టక్ అని కొడుతుంది. ఎల్పీ మీద అడ్డంగా ఒక లోతు గీత ఉంటే, ప్లేటు తిరిగిన ప్రతిసారీ, అంటే సుమారు 1.8 సెకన్లకి ఒకసారి ఆ టక్కు వినాల్సిందే.

రెండు, రంగు చూడండి. 78 ప్లేటు నల్లగా నిగనిగలాడుతుంటే మంచిది. బూడిదరంగులోకి తిరిగిందంటే గాడులు అరిగిపోయినట్టు. మైకు సెట్టు వాళ్ళ ప్లేట్లలో ఎక్కువ ఇలాంటివే ఉంటాయి. కారణం ఉందండీ. ఆ రోజుల్లో వాడింది ఉక్కు ముల్లు, దాన్ని ప్రతి వైపుకీ మార్చాలి. ప్లేటులో ఉన్న రాతిపొడి ముల్లుని అరగదీస్తుంది, మార్చకపోతే ఆ అరిగిన ముల్లు తిరిగి ప్లేటునే గీకుతుంది. పెళ్ళిపందిట్లో రాత్రంతా రికార్డులు వేసే మనిషి ప్రతి పాటకీ ముల్లు మారుస్తాడా చెప్పండి? పైగా జనం మళ్ళీ మళ్ళీ అడిగిన పాటే ఎక్కువ అరిగిపోతుంది. అంటే మన ఊళ్ళలో బాగా ప్రేమించిన ప్లేటే ఎక్కువ పాడైన ప్లేటు. ఈ వేటలో నాకు అన్నిటికన్నా బాధ అనిపించేది ఇదే.

మూడు, అట్టని నమ్మకండి. లోపలి ప్లేటు బయటికి తీసి లేబుల్ చదవండి. కవరు మీద ఒక సినిమా, లోపల ఇంకో సినిమా, ఇది చాలా మామూలు. నాలుగు, ప్లేటుని కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని అంచు చూడండి. ఎండలోనో రేకుల షెడ్డులోనో పడుకోబెట్టి ఉంటే అప్పడంలా వంకర తిరిగిపోతుంది. ఐదు, కొల్లేరు వైపు నుంచి వచ్చిన ప్లేటైతే వాసన చూడండి. చుట్టూ చెరువులు, గాలిలో చెమ్మ, అట్టకి బూజు పడుతుంది. నీళ్ళలో నానిన వాటికి లేబుల్ ఊడిపోయి ఉంటుంది. లేబుల్ పోతే ఏ పాటో, ఎవరు పాడారో చెప్పేది పోయినట్టే. అప్పుడు మధ్యలో ముల్లు ఆగే ఖాళీ చోట చెక్కిన నంబరు చూడండి, అది ఉంటే వెతుక్కోవచ్చు.

ఇక రేటు. ఇక్కడ మన ఫోన్లే మనకి శత్రువులు అయ్యాయండీ. ఎవరో వీడియోలో పాత రికార్డుకి లక్ష పలుకుతుందని చెప్తారు, మర్నాటి నుంచి కొట్లో ధర మారిపోతుంది. నాకు జరిగిన బేరం చెప్తాను. “ఎంత బాబాయ్?” అన్నాను. “కుక్క బొమ్మ ఉందండి, ఒరిజినలండి, రెండు వేలండి” అన్నాడాయన. కుక్క బొమ్మ అంటే హెచ్.ఎం.వి. గుర్తు. “బాబాయ్, మన దేశంలో ఎక్కువ ప్లేట్లు అచ్చేసిందే ఆ కంపెనీ, కుక్క బొమ్మ లేకపోతేనే కొంచెం వింత” అన్నాను. నవ్వేసి నూట యాభైకి ఇచ్చాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకి ఎవరూ చెప్పలేదంతే.

పాతదైతే అరుదైనది అనుకోకండి. ఎన్ని అచ్చయ్యాయి, ఎన్ని మిగిలాయి అన్నదే లెక్క. ఘంటసాల గారి భగవద్గీత ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయిన తర్వాత విడుదలైంది. ఆ ఎల్పీ తెలుగునాట చాలా చోట్లకి వెళ్ళింది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి వెంకటేశ్వర సుప్రభాతం ఎల్పీ 1963లో వచ్చింది, అదీ అంతే. గొప్ప రికార్డులు, ఇంట్లో ఉండాల్సినవే, కానీ వేలు పోసి కొనక్కర్లేదు, ఓపిక పడితే మంచి కాపీ దొరుకుతుంది. అదే పాత నాటకాల పద్యాలు, హరికథలు, పేరు పెద్దగా తెలియని గాయకుల ప్లేట్లు అయితే ఒకసారి చేజారితే మళ్ళీ కనపడవు.

ఆన్‌లైన్‌లో కొంటే ఇంకో తలనొప్పి. ఒకసారి నేను తెప్పించిన 78 ప్లేటు, పల్చటి అట్టపెట్టెలో నాలుగు ముక్కలుగా వచ్చింది. అమ్మేవాళ్ళకి ముందే చెప్పండి: ప్లేటుకి రెండు వైపులా గట్టి అట్టలు పెట్టి, పెట్టెకీ ప్లేటుకీ మధ్య మెత్తటి కాగితం దట్టంగా నింపమని. అలాగే, సూట్‌కేస్ లాంటి చవక ప్లేయర్ల మీద 78 అనే బటన్ ఉంటుంది, కానీ లోపల ముల్లు ఎల్పీదే. 78 గాడి ఎల్పీ గాడి కన్నా దాదాపు మూడింతలు వెడల్పు. సన్నటి ముల్లు గాడి అడుగున దుమ్ములో పడి తిరుగుతుంది, పాట కన్నా గరగర ఎక్కువ. 78లకి వేరే ముల్లు కావాలి. ఆ ముల్లుతో ఎల్పీ వేశారంటే ఎల్పీ నాశనం.

శుభ్రం చేసేటప్పుడు ఒక్కటి గట్టిగా చెప్తున్నాను: 78 ప్లేటుకి శానిటైజర్ గానీ స్పిరిట్ గానీ తగలనివ్వకండి. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. తుడిచిన గుడ్డ నల్లగా అవుతుంది, అది మురికి కాదు, మీ పాట. మంచినీళ్ళు, చుక్క సబ్బు, మెత్తటి బట్ట చాలు, లేబుల్ తడవకూడదు. ఆరాక నిలబెట్టి దాచండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి.

ఇంత కష్టం ఎందుకు అంటారా? వినైల్ సౌండ్ గొప్పది, డిజిటల్ చెత్త అని నేను చెప్పను. అరిగిన ప్లేటు కన్నా ఫోన్‌లో పాటే శుభ్రంగా ఉంటుంది. నేను కొనేది ఫోన్‌లో లేని వాటి కోసం. సినిమా పాటలు ఎలాగో బతుకుతాయి, వాటికి కంపెనీలున్నాయి, అభిమానులున్నారు. కానీ పాండవోద్యోగ విజయాల పద్యాలు ఎన్ని గొంతులు పాడాయో చూడండి. స్టేజీ మీద తెల్లవార్లూ సాగే నాటకం ప్లేటు మీదకి వచ్చేసరికి మూడు నిమిషాల్లో ఇమడాలి. ఎక్కడ రాగం తియ్యాలి, ఎక్కడ కోత పెట్టాలి అని వాళ్ళు చేసిన ఆలోచన వింటుంటే తెలుస్తుంది. ఇప్పుడు మనం రీల్‌కి టైమ్ చూసుకుంటున్నాం కదా, వాళ్ళకీ అదే తిప్పలు. అలాంటి ప్లేటు ఊరు మొత్తానికి ఒక్కటే మిగిలి ఉండొచ్చు, అది గోనెసంచిలో ఇనుప ముక్కల కింద ఉండొచ్చు. లక్క ప్లేటుకి తూకంలో విలువ లేదు, పగిలితే పారేస్తారు.

దీన్ని పట్టించుకున్నవాళ్ళు ఉన్నారు. ముంబైలో 1990లో సొసైటీ ఆఫ్ ఇండియన్ రికార్డ్ కలెక్టర్స్ మొదలైంది. యంగ్ ఇండియా అనే ఒక పాత బొంబాయి కంపెనీ ప్లేట్లని బ్రిటిష్ లైబ్రరీ వాళ్ళ ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ కింద డిజిటల్‌లోకి మార్చారు. అంటే ఎవరో ఒకరు పూనుకుంటే జరుగుతుంది.

మీరు రికార్డుల పిచ్చోళ్ళు కానక్కర్లేదు. ఇల్లు మారుస్తున్నా, అటక దులుపుతున్నా, ప్లేట్లు కనిపిస్తే సామాన్ల బండికి వేసేముందు పది నిమిషాలు ఆగండి. ప్రతి ప్లేటుకీ రెండు వైపులా లేబుల్ ఫొటో తియ్యండి, మధ్యలో చెక్కిన నంబరు కూడా కనపడాలి. ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే ఆ ఫొటోలు చూపించి, ఎవరు కొన్నారు, ఎప్పుడు వేసేవాళ్ళు అని అడిగి వాళ్ళ మాట రికార్డు చెయ్యండి. ప్లేయర్ ఉన్నవాళ్ళెవరైనా తెలిస్తే ఒకసారి వేయించి ఫోన్‌లోకి ఎక్కించుకోండి. నెట్‌లో పెట్టాలనుకుంటే మాత్రం జాగ్రత్త. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కి విడుదలైన తర్వాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. పద్యానికి, ట్యూన్‌కి వేరే లెక్క, రాసినవాళ్ళు పోయాక 60 ఏళ్ళు. రెండూ చూసుకుని పెట్టండి.

ఆ తర్వాత అమ్ముకుంటారా, దాచుకుంటారా, అది మీ ఇష్టం. కానీ ఏం అమ్ముతున్నారో తెలిసి అమ్మండి. తాడేపల్లిగూడెంలో, ఏలూరులో హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈసారి సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఒకసారి అటక ఎక్కండి. వచ్చే ఎపిసోడ్‌లో 78 ప్లేటుని మామూలు ఫోన్‌తో ఎలా రికార్డు చెయ్యాలో చేసి చూపిస్తాను. ఉంటానండీ, నమస్తే.