ప్రేలుడు మందుల విషమును హరించు సూక్ష్మజీవులు

సూక్ష్మజీవులనగానే కలరా, క్షయ, సన్నిపాత జ్వరము మొదలగు వ్యాధులే మనకు జ్ఞప్తికి వచ్చును. కాని వానిలో రోగకారకములు మిక్కిలి కొలది. పాలను పెరుగుగా తోడుకొనజేయునవి, పేడను ఎరువుగా మార్చునవి కూడ సూక్ష్మజీవులే. ప్రేలుడు మందుల వలన చెడిన నేలను, నీటిని బాగుచేయుటకు సైతము ఇవి తోడ్పడుచున్నవి.

విషము చేరు విధము

టి.ఎన్.టి. అను పదార్థమును 1863లో జర్మను శాస్త్రజ్ఞుడు జూలియస్ విల్‌బ్రాండ్ మొదట పసుపు రంగుగా తయారుచేసెను. ప్రేలుడు మందుగా దాని ఉపయోగము తరువాత తెలిసినది. గుండ్లలో మందు నింపు కర్మాగారముల కడుగునీటి నుండియు, కాల్పుల మైదానముల నుండియు ఇట్టి మందులు నేలలో చేరును. టి.ఎన్.టి. చాలవరకు మట్టినంటుకొని యుండును. ఆర్.డి.ఎక్స్. అట్లు కాక, వాననీటితో దిగి భూగర్భజలమును చేరును.

మొదటి ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిష్ కర్మాగారములలో టి.ఎన్.టి. నింపిన స్త్రీల చర్మము పసుపుపచ్చనాయెను. కొందరు కాలేయము చెడి, పచ్చకామెర్లతో మరణించిరి. ఆర్.డి.ఎక్స్. శరీరములో అధికముగా చేరినచో మూర్ఛలు వచ్చును. ఈ రెండింటిలో ప్రతిదానికిని త్రాగునీటిలో లీటరునకు 2 మైక్రోగ్రాములు మించరాదని అమెరికా పర్యావరణ సంస్థ సూచించినది. అనగా ఒక్క గ్రాము మందు 5 లక్షల లీటర్ల నీటిని ఆ హద్దునకు తెచ్చును.

సూక్ష్మజీవులు చేయు పని

ఆర్.డి.ఎక్స్. అణువులో నత్రజని మెండుగా నుండును. కొన్ని సూక్ష్మజీవులు దానిని ఆహారముగా గ్రహించును. రోడోకోకస్ జాతి జీవి ఒకటి తన ఎంజైముతో అణువునుండి నైట్రో భాగమును తొలగించును. అంతట ఆ వలయము తనకు తానే విచ్చిపోవును. ఈ ఎంజైమునకు మూలమైన జన్యువును ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులు 2002లో వెల్లడించిరి. దానిని గడ్డిమొక్కలలో ప్రవేశపెట్టి, అమెరికా సైనిక మైదానమున చేసిన ప్రయోగ ఫలితములు 2021లో వెలువడినవి. ఆ గడ్డి మట్టిలోని విషమును పీల్చి విరుగగొట్టినది.

టి.ఎన్.టి. ఇంత సులభముగా లొంగదు. సూక్ష్మజీవులు దాని నైట్రో భాగములను అమైనో భాగములుగా మార్చును. అట్లు మారిన పదార్థము మట్టిలోని జీవాంశముతో గట్టిగా పెనవేసికొని, నీటిలోనికి రాకుండును. అమెరికాలోని యుమటిల్లా ఆయుధాగారమున గుండ్లు కడిగిన నీరు ఏండ్ల తరబడి గుంటలలో ఇంకినది. 1990వ దశకములో ఆ మట్టిని త్రవ్వి, పేడ, పశుగ్రాసము, బంగాళాదుంపల వ్యర్థము మున్నగువానితో కలిపి, కుప్పలువేసి మ్రగ్గబెట్టి శుద్ధిచేసిరి. మన రైతు ఎరువుకుప్ప వేయు పద్ధతియే ఇది.

గురుగ్రామ్ అనుభవము

గురుగ్రామ్ నుండి ఫరీదాబాదు పోవు మార్గమున గ్వాల్ పహాడి కలదు. ‘టెరి’ అను పరిశోధన సంస్థకు అచ్చట ఆవరణ గలదు. ఈ సంస్థవారు చమురును తిను సూక్ష్మజీవుల మిశ్రమమును ‘ఆయిల్ జాపర్’ అను పేర రూపొందించి, చమురు మడ్డితో చెడిన నేలలపై వాడిరి. చమురు వేరు, ప్రేలుడు మందు వేరు. ఒక దానిని తిను జీవి మరియొక దానిని తినవలెనని నియమము లేదు. కాని సూత్రమొక్కటే: తగిన జీవిని ఎన్నుకొని, దానికి తేమను, ఆహారమును, తగిన వేడిమిని, జాతిని బట్టి గాలిని సమకూర్పవలెను.

గనులలో వాడు మందులలో అమ్మోనియం నైట్రేట్ ముఖ్యము. అది నీటిలో కరగి బావులను చేరినచో పసిబిడ్డల రక్తము ప్రాణవాయువును సరిగా మోయజాలక, శరీరము నీలివర్ణము పొందును. త్రాగునీటిలో నైట్రేట్ లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారత ప్రమాణము. గాలి సోకని బురదలోని సూక్ష్మజీవులు నైట్రేటును హానిలేని నత్రజని వాయువుగా మార్చగలవు.

ప్రజలు గమనింపవలసినవి

కాల్పుల మైదానములలో దొరికిన గుండ్లను, తునుకలను తాకరాదు. వెంటనే పోలీసులకు తెలుపవలెను. ఇట్టి స్థలముల సమీపమున గల బావినీటిని పరీక్ష చేయింపక త్రాగరాదు. నీరు తేటగా నున్నంత మాత్రమున నిర్దోషమని తలపరాదు. కాచుటవలన రోగక్రిములు చచ్చును గాని ఈ విషములు పోవు. పైగా నీరు ఇగిరినకొలది చిక్కబడును. అనుమానము కలిగినచో ఆరోగ్యశాఖ వారికి తెలిపి, వేరు నీటిని వాడుకొనవలెను.

సూక్ష్మజీవులు మనకు మిత్రులే. అయినను వాని పని నెలల తరబడి సాగునది, నిపుణుల పర్యవేక్షణ కోరునది. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుటకంటె, వ్యర్థజలమును కర్మాగారములోనే శుద్ధిచేసి, నేలను, నీటిని ముందుగనే కాపాడుకొనుట శ్రేయస్కరము.