ముల్లు మధ్యలోనే ఉందన్నాడు నాన్న

కిందటి ఎండాకాలం. హైదరాబాద్‌లో ఆఫీసు కాల్‌లో ఉండగా నాన్న నుంచి ఫోన్. ఆఫీసు టైములో ఆయన ఎప్పుడూ చేయడు. ‘ఏం లేదురా, కారు ఆగింది. హనుమాన్ జంక్షన్ దగ్గరున్నాం. అమ్మని చెట్టు కింద కూర్చోబెట్టా’ అన్నాడు. ఆ ‘ఏం లేదురా’ వినగానే అర్థమైపోయింది, ఏదో అయ్యిందని.

మాది 1998 మోడల్ మారుతి 800. నేను మూడో తరగతిలో ఉండగా నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అక్క పెళ్లి పిలుపులు, నా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్, నానమ్మని ఆసుపత్రికి తిప్పడం... అన్నీ అందులోనే. ఆ రోజు ఏలూరు నుంచి విజయవాడ వస్తుంటే రేడియేటర్ హోస్ పగిలింది. నీళ్లన్నీ రోడ్డు పాలు. అది తెలీక నాన్న ఇంకాస్త దూరం నడిపాడు. ఇంజిన్ జామైంది.

బండిని లాక్కొచ్చి ఇంటి ముందు పెట్టాక మా వీధి చివర మెకానిక్ అన్న హెడ్ విప్పి చూశాడు. హెడ్ వంగింది, పిస్టన్లు బోరుని గీరేశాయి, కిందున్న బేరింగులు కూడా పోయాయి. ‘బోరు చేయించి, క్రాంక్ చేయించి ఇంత ఖర్చెందుకు మాస్టారూ, తుక్కుకి ఇచ్చేయండి’ అన్నాడు. నేను కూడా ఊఁ అన్నాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ‘టెంపరేచర్ ముల్లు చూసుకోవా నాన్నా?’ అనేశాను.

‘చూశాను. మధ్యలోనే ఉంది.’

‘మధ్యలో ఉంటే ఇంజిన్ ఎందుకు పోద్ది?’

నాన్న మళ్లీ మాట్లాడలేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి, జవాబు తప్పని మొహం మీదే అనిపించుకున్నాడు. మర్నాడు కారుకి కవర్ కప్పేసి, తాళం దేవుడి గూట్లో పెట్టేశాడు. తర్వాత రెండు నెలలు ఎక్కడికైనా ఆటోనే. అమ్మ ఫోన్‌లో మెల్లగా చెప్పింది: ‘కారు మాటెత్తితే లేచి వెళ్లిపోతున్నార్రా.’

ఇంజిన్ మార్చాలని నేను అనుకుంది అప్పుడే. శుక్రవారం రాత్రి బస్సు, ఆదివారం రాత్రి మళ్లీ బస్సు. ఇంటి పక్క రేకుల షెడ్డే నా వర్క్‌షాప్.

ఏ ఇంజిన్ పెట్టాలి?

ఇక్కడే సగం మంది దారి తప్పుతారు. ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే సలహా: ‘ఎలాగూ మారుస్తున్నావ్‌గా, ఎంపీఎఫ్ఐ ఇంజిన్, ఐదు గేర్ల బాక్స్ వేసెయ్.’ నిజం చెప్పాలంటే నాకూ నోరూరింది. కానీ మాది కార్బురేటర్ బండి. ఎంపీఎఫ్ఐ అంటే ఈసీయూ కావాలి, దాని వైరింగంతా కావాలి, పెట్రోల్ పంపు, లైన్లు మారాలి. ఒక్క లైబ్రరీ అప్‌గ్రేడ్ చేస్తే ప్రాజెక్టంతా ఎర్రగా మారిపోవడం రోజూ చూసేవాణ్ని నేను. నాన్నకి కావాల్సింది ఆయన కారు, నా ప్రయోగం కాదు. అందుకే పాతదే, ఎఫ్8బి. 68.5 మిల్లీమీటర్ల బోరు, 72 మిల్లీమీటర్ల స్ట్రోకు, మూడు సిలిండర్లు... గుణించి చూసుకోండి, 796 సీసీ వస్తుంది.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పాత సామాన్ల షెడ్లు తిరిగితే ఈ ఇంజిన్లు వరసగా కనిపిస్తాయి. అన్నీ డీజిల్‌తో కడిగి తళతళలాడిస్తారు. ఆ మెరుపుని నమ్మొద్దు. నేను ఆయిల్ మూత విప్పి లోపలి వైపు చూశాను. పాల మీగడలా తెల్లగా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిసినట్టే. తర్వాత పుల్లీ బోల్టుకి పానా పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పాను. ఎక్కడా పట్టకుండా తిరగాలి. అన్నిటికన్నా ముందు చూడాల్సింది మాత్రం ఇంజిన్ నంబర్. దాన్ని అరగదీసినట్టు ఉన్నా, బిల్లు ఇవ్వనన్నా, ఎంత చవగ్గా వచ్చినా వెనక్కి తిరిగి వచ్చేయండి. దొంగ బండిది అయితే మన మెడకి చుట్టుకుంటుంది.

ఇంకో సంగతి. ఇంజిన్ మారిస్తే ఆర్‌సీలో నంబర్ మారాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పు జరిగిన 14 రోజుల్లోపు రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలి. నేను మాత్రం కొనకముందే ఆర్‌టీఏ ఆఫీసుకి వెళ్లి ఏ కాగితాలు కావాలో అడిగి వచ్చాను. ఇది చేయకపోతే రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో మీ బండి మీది కాకుండా పోతుంది.

ఇంజిన్ నంబర్ రాసిన బిల్లుతో 14 వేలకి బేరం కుదిరింది. ‘స్టార్ట్ చేసి చూసిందే సార్, దింపి పెట్టేసుకోవడమే’ అన్నాడు అమ్మినాయన.

మూడో సిలిండర్

మెకానిక్ అన్నది కూడా అదే మాట: ‘తమ్ముడూ, పెట్టేద్దాం. స్టార్ట్ అయితే అయింది.’ నేను ఒప్పుకోలేదు. ఇంజిన్ కింద నేల మీద ఉన్నప్పుడు గంట పని. బండిలోకి ఎక్కాక అదే పనికి రెండు రోజులు. ఒకసారి కంప్రెషన్ చూద్దామన్నాను.

కానీ ఒంటి ఇంజిన్‌ని తిప్పేదెలా? స్టార్టర్ మోటార్ బిగించేది గేర్‌బాక్స్ మూతికి కదా. పాత గేర్‌బాక్స్ తీసుకొచ్చి తాత్కాలికంగా తగిలించి, బ్యాటరీ ఫుల్‌గా చార్జ్ చేసి, మూడు ప్లగ్గులూ విప్పి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని ఒక్కో సిలిండర్‌కీ గేజ్ పెట్టాం. మొదటిది 160 పీఎస్ఐ. రెండోది 155. మూడోది 105.

అన్న మొహంలో నవ్వు పోయింది. నాకూ కడుపులో తిప్పింది.

ఇప్పుడు లోపం ఎక్కడో తెలియాలి. దీనికో పాత చిట్కా ఉంది. ఆ సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. ఆయిల్ వెళ్లి రింగుల చుట్టూ సందుల్ని మూస్తుంది కాబట్టి అంకె బాగా పెరిగితే రింగులు అరిగినట్టు. పెరక్కపోతే గాలి పైనుంచి పోతోందని, అంటే వాల్వు గానీ హెడ్ గ్యాస్కెట్ గానీ. మాకు 110 వచ్చింది. పైనే! ఎంత సంతోషమో. రింగులైతే ఇంజిన్ మొత్తం విప్పాలి, వాల్వు అయితే హెడ్‌తో సరి.

హెడ్ దించి తిరగేసి, పోర్టుల్లో పెట్రోల్ పోసి పది నిమిషాలు ఆగాం. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు అంచు నుంచి చెమటలా ఊరింది. లేత్ షాపులో ఆ వాల్వు, సీటు సరిచేయించి, మిగతావాటికి గ్రైండింగ్ పేస్ట్ పెట్టి నేనే తిప్పాను. అరచేతుల మధ్య కవ్వంలా అటూ ఇటూ. ఆరు వాల్వులకి ఒక ఆదివారం అయిపోయింది. హెడ్ మీద స్టీలు స్కేలు అడ్డంగా, ఐమూలగా ఆనించి కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూశాం. దూరలేదు. వంపు లేదన్నమాట.

బిగించేటప్పుడు అన్నకీ నాకూ చిన్న గొడవ. ఆయనది చేతి లెక్క, నాది టార్క్ రెంచ్. హెడ్ బోల్టుల్ని మధ్య నుంచి బయటికి, ఒకేసారి కాకుండా విడతలుగా మాన్యువల్ చెప్పిన అంకెకి బిగించాలి. నేను గెలిచాను గానీ, నా టార్క్ రెంచ్‌కి ముందే ఆయన చెయ్యి దాదాపు అక్కడికే చేరడం చూసి కాస్త తగ్గాను.

టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ఫ్లైవీల్ వెనక ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు, హోసులు... ఇవన్నీ పాతవి బాగానే ఉన్నట్టు కనిపించినా కొత్తవే వేశాం. ముఖ్యంగా ఆ వెనక సీలు. కారేదాకా ఆగి మార్చాలంటే గేర్‌బాక్స్ మళ్లీ దించాలి.

టీ గిన్నె పరీక్ష

కొత్త ఇంజిన్ రెడీ. కానీ పాతదాన్ని చంపింది ఏంటో తేల్చకుండా దీన్ని బండిలో పెడితే దీనికీ అదే గతి. హోస్ పగిలిందని తెలుసు. రేడియేటర్ విప్పితే సగం గొట్టాలు తుప్పుతో పూడిపోయి ఉన్నాయి. ఏళ్లపాటు కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసిన ఫలితం. థర్మోస్టాట్ అసలు లేనే లేదు, ఎవరో ఎప్పుడో తీసి పారేశారు. ‘మన ఎండలకి అదెందుకు’ అనే మెకానిక్కులు చాలామందే ఉన్నారు. ఇంజిన్ సరైన వేడికి చేరి అక్కడే నిలబడాలంటే అది ఉండాల్సిందే.

మిగిలింది టెంపరేచర్ సెన్సర్. అది పాడై ఉంటుందనుకున్నా. అమ్మ టీ గిన్నెలో నీళ్లు మరగబెట్టి, సెన్సర్‌ని తీగతో వేలాడదీసి మల్టీమీటర్ పెట్టాను. నీళ్లు వేడెక్కే కొద్దీ రెసిస్టెన్స్ చక్కగా తగ్గుతోంది. సెన్సర్ బాగుంది! మరి ముల్లు ఎందుకు లేవలేదు?

చేతికి ఆవిరి తగిలి గిన్నె మీంచి సెన్సర్‌ని పైకెత్తాను. మీటర్‌లో అంకె వెనక్కి నడవడం మొదలైంది. కింద నీళ్లు కుతకుత ఉడుకుతున్నాయి, సెన్సర్ మాత్రం చల్లబడుతున్నానంటోంది.

అప్పుడు వెలిగింది. సెన్సర్ కొలిచేది ఇంజిన్ వేడిని కాదు, తనని తడుపుతున్న నీటి వేడిని. హోస్ ఒక్కసారిగా పగిలి నీళ్లన్నీ పోతే అది ఖాళీలో వేలాడుతుంది. లోపల ఇనుము కాలిపోతున్నా ముల్లు లేవకపోవచ్చు, కిందికి కూడా దిగొచ్చు. మా ఆఫీసులో సర్వర్ పడిపోయినా డ్యాష్‌బోర్డ్ పచ్చగా చూపించిన రోజులు నాకు తెలుసు. అలాంటప్పుడు డ్యాష్‌బోర్డ్‌ని నమ్మినవాణ్ని తిట్టం. నాన్నని మాత్రం తిట్టాను. (మీ కారులో హీటర్ ఉంటే ఒకటి గుర్తుపెట్టుకోండి: బండి పికప్ పోతూ, హీటర్ నుంచి చల్లగాలి వస్తుంటే ముల్లు ఏమన్నా సరే ఆపేయండి.)

నాన్నని వంటింట్లోకి పిలిచాను. ఏం చెప్పకుండా మళ్లీ చేసి చూపించాను. ముంచాను, ఎత్తాను. ముంచాను, ఎత్తాను. ఆయన కళ్లజోడు సర్దుకుని మీటర్ వంక చాలాసేపు చూశాడు.

‘నువ్వు చెప్పింది నిజమే నాన్నా. ముల్లు మధ్యలోనే ఉండుంటుంది.’

‘నేను చెప్పాగా’ అన్నాడు. అంతే. కాసేపాగి, ‘ఇంకోసారి ఎత్తు’ అన్నాడు.

‘నా టీ గిన్నెకి గ్రీజు అంటించారు’ అని అమ్మ. ఆ గిన్నె ఇప్పుడు షెడ్డులో ఉంది, ఇంట్లోకి రానివ్వలేదు.

చైన్ బ్లాకుతో ఇంజిన్ దించిన రోజు నాన్న షెడ్డులోనే ఉన్నాడు, చేతిలో ఆయన ఖర్చుల నోటు పుస్తకం. ముందు ప్లగ్గులు పెట్టకుండా, డిస్ట్రిబ్యూటర్ కాయిల్ వైరు తీసేసి, ఆయిల్ లైటు ఆరేదాకా కొద్దికొద్దిగా స్టార్టర్ తిప్పాం. ఆయిల్ అన్ని చోట్లకీ చేరాకే మంట పుట్టాలి. తర్వాత ప్లగ్గులు, వైర్లు తగిలించి కీ తిప్పాను. కార్బురేటర్‌లోంచి ‘ఠప్’మని పేలింది. మళ్లీ తిప్పాను. మళ్లీ ఠప్. అన్న టైమింగ్ బెల్టు వైపు అనుమానంగా చూశాడు.

‘ఒకటి, మూడు, రెండు కదరా?’ అన్నాడు నాన్న వెనక నుంచి.

ఫైరింగ్ ఆర్డర్. నేను ఒకటి, రెండు, మూడు అని వరసగా తగిలించేశాను. ఆయన మాన్యువల్ మొత్తం చదివేశాడని నాకు తెలీదు. వైర్లు మార్చి, తాళం చెవి ఆయన చేతికే ఇచ్చాను. సగం తిప్పుకే అందుకుంది.

నోటు పుస్తకంలో పాత ఇంజిన్ నంబర్ కొట్టేసి కొత్తది రాశాడు. పక్కన మీటర్ రీడింగ్, ఆర్‌టీఏకి వెళ్లాల్సిన తేదీ.

మొన్న మేలో ఆఫీసు కాల్‌లో ఉండగా మళ్లీ నాన్న ఫోన్. గుండె ఝల్లుమంది. ‘ఏం లేదురా, హనుమాన్ జంక్షన్ దగ్గరున్నాం. నూజివీడు చిన్న రసాలు బాగున్నాయి. నీకెన్ని డజన్లు తీసుకోమంటావ్?’